గండిలో దిగువాడు చూడవలసిన ఆకాశము

భూగోళశాస్త్రమును పుస్తకములో చదువుట యొకటి. కాలినడకను తెలిసికొనుట మరియొకటి. వర్షము కొండపై కురియును, వాగై పారును, నదియై సముద్రమును చేరును అని మేము ఇరువది యేండ్లుగా నల్లబల్లపై బొమ్మవేసి చెప్పుచునే యున్నాము. అయినను ఆ చిన్నవాక్యముయొక్క పూర్తి యర్థమును గడచిన క్రిస్మసు సెలవులలో, మారిషసు ద్వీపమునందలి యొక కొండగండిలో, ఇరువదిమూడేండ్ల యువకుడొకడు మాకు నేర్పెను. ఆ పాఠమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును అందజేయుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

గండి యనగా నేమి?

నది గాని వాగు గాని గట్టిరాతిని వేలకొలది యేండ్లు కోసికోసి, ఇరుప్రక్కల గోడలవంటి చరియలను నిలిపి, నడుమ తాను పారుటకు చేసికొన్న ఇరుకుదారిని గండి యందురు. కడప జిల్లాలో పెన్నానది యెఱ్ఱని రాతికొండను చీల్చుకొని పోవుచోట వెలసిన కోటకు గండికోట యను పేరు ఇందువలననే కలిగినది. అట్టి గండిలో నీటివెంట పైనుండి క్రిందికి నడచుచు, ఈదుచు, మడుగులలో దూకుచు, జలపాతము వచ్చినచోట త్రాటిని పట్టుకొని జారుచు దిగుటకు కేన్యనింగ్ అని పేరు. ఫ్రాన్సు దేశమున గుహలను శోధించుటలో ప్రసిద్ధుడైన ఎడ్వర్డ్ ఆల్ఫ్రెడ్ మార్టెల్ అను నాతడు 1905వ సంవత్సరమున వెర్దోన్ నదియొక్క మహాగండిని అనుచరులతో గడచి పరిశోధించెను. అది శాస్త్రమునకై చేసిన కష్టము. నేడు అనేక దేశములలో కుటుంబములు వినోదమునకై ఈ పనిని చేయుచున్నవి. అయితే మనకు వినోదమైనంతమాత్రమున నీరు తన స్వభావమును మార్చుకొనలేదు.

ద్వీపమును గూర్చి

మారిషసు హిందూమహాసముద్రమున, భూమధ్యరేఖకు దక్షిణముగా ఇంచుమించు 20 డిగ్రీల అక్షాంశమున, ఆఫ్రికాఖండపు ఆగ్నేయతీరమునకు సుమారు 2,000 కిలోమీటర్ల దూరమున నున్నది. దాని వైశాల్యము సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. ఇది సముద్రగర్భమునుండి లేచిన అగ్నిపర్వతములవలన నేర్పడిన ద్వీపము. ఆ మంటలు చల్లారి వేలకొలది యేండ్లు గడచినవి. చల్లారిన ద్రవశిలయే నేడు నల్లరాయియై యున్నది. ఒకదానిపై నొకటి పరచుకొన్న ఆ రాతిపొరలలో కొన్ని గట్టివి, కొన్ని మెత్తనివి. వాగు మెత్తని పొరను త్వరగా తినివేయును. గట్టిపొర మెట్టువలె మిగులును. అట్టి మెట్టే జలపాతము.

ఈ ద్వీపమునకును మన తెలుగువారికిని సంబంధము లేకపోలేదు. 1834వ సంవత్సరము మొదలు చెఱకుతోటల పనికి ఒప్పందపుకూలీలుగా పోయిన భారతీయులలో, కాకినాడ చెంతనున్న కోరంగి రేవున ఓడలెక్కినవారు అనేకులు. అందుచేతనే అచ్చట తెలుగువారిని చాలకాలము కోరంగివారని పిలిచిరి. వారి సంతతివారు నేటికిని ఉగాది పండుగను జరుపుకొనుచున్నారు. ఆ దినము అచ్చట ప్రభుత్వపు సెలవుదినము. కూలీలు దిగిన పోర్టులూయీ రేవులోని ఆప్రవాసీ ఘాట్ 2006వ సంవత్సరమున ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటింపబడెను.

మా బావమఱది యచ్చట నొక వస్త్రకర్మాగారమున లెక్కలు వ్రాయు ఉద్యోగమున నున్నాడు. అతడు పలుమారు పిలువగా, కొన్నియేండ్లు కూడబెట్టిన ధనముతో మేమును, మా యింటివారును, పదునారేండ్ల మా కుమారుడును, పదుమూడేండ్ల మా కుమార్తెయు బయలుదేరి వెళ్లితిమి. టమరిన్ నదిపై ఏడు జలపాతములు వరుసగా నున్నవనియు, శిక్షణ పొందిన మార్గదర్శకులు కుటుంబములను వానివెంట దింపుదురనియు విని, మా కుమారుడు ఊరకుండనీయలేదు. టమరిన్ అనగా ఫ్రెంచిభాషలో చింత యని అర్థము. మనకు చింతచెట్టు ఇంటిచుట్టము గనుక ఆ పేరు వినగానే మాకును ఉత్సాహము కలిగెను.

త్రాటి రహస్యము

ఆంరియెట్టా యను గ్రామమున చెఱకుతోటల చెంత మార్గదర్శకుడు మమ్ము కలిసికొనెను. అతని ముత్తవ తండ్రి కోరంగివాడట. అమ్మ, అన్నము, నీళ్లు అను మాటలు తప్ప తెలుగు ఎరుగడు. ఇంగ్లీషున మాటలాడెను. శిరస్త్రాణములను, నడుమునకును తొడలకును బిగించు పట్టీలను, రబ్బరువంటి దళసరి దుస్తులను మాకు తొడిగించెను. ఎండదేశమున ఈ దళసరి దుస్తు లెందుకని మా కుమార్తె యడిగినది. దేహపు వేడిని నీరు గాలికంటె సుమారు 25 రెట్లు త్వరగా లాగుకొనునని అతడు చెప్పెను. వేసవిలోనైనను, గంటలకొలది తడిసియున్నవానికి చేతులు వణకును. వణకు చేతితో త్రాడు పట్టరాదు.

తరువాత ఎనిమిది అంకె ఆకారముగల లోహపు వలయమును చూపెను. త్రాడు దానిగుండ మెలికపడి పోవును. మనిషి బరువంతయు ఆ మెలికయొద్ద రాపిడివలన ఆగును గనుక, క్రిందిచేతితో త్రాటిని కొంచెము బిగించినంతమాత్రముననే నిలిచిపోవచ్చును. గోదావరి కాలువలలో పడవవాడు మోకును గుంజకు రెండు చుట్లు చుట్టి, పెద్ద పడవను ఒంటిచేత నిలుపుటయు ఇట్టిదే. బలము చేతిలో లేదు, రాపిడిలో నున్నది. ఇదిగాక అతని సహాయకుడొకడు క్రింద నిలిచి త్రాటికొనను పట్టుకొనును. పైవాని చేయి జారినను అతడు త్రాటిని లాగి బిగించును. ఒక్కని పొరపాటును ఇంకొకరు కాచునట్లు ఏర్పాటు చేయుటయే ఈ విద్యలో మొదటి సూత్రము.

మొదటిదినము

ఆనాడు ఆకాశము నిర్మలము. ఎండ తీక్షణముగా కాయుచుండెను. చిన్నవియగు రెండు జలపాతములను సుఖముగా దిగితిమి. ఒక మడుగుచెంత బల్లపరుపుగా నున్న రాతిమీద మా కుమార్తె అరటిపండ్లును రొట్టెలును పరచెను. మేము తినుచుండగా ఆ యువకుడు మాత్రము తినక, నీటియంచున నొక గులకరాతిని పెట్టి దానిని చూచుచుండెను. ప్రతి మడుగుచెంతను అతడట్లే చేయుట మేము గమనించితిమి గాని, యేదో అలవాటని యెంచితిమి.

కొంతసేపటికి అతడు లేచి, ఎగువదిక్కున కొండలసందున కనబడు తూర్పు ఆకాశమును చూచెను. మరల గులకరాతిని చూచెను. అది సగము మునిగియుండెను. "మనము పైకెక్కి పోవలెను. నేటికి ఇంతే" అని నెమ్మదిగా చెప్పెను.

మా కుమారుని ముఖము చిన్నబోయెను. "నాన్నగారూ, పెద్ద జలపాతము ఆ మలుపుననే యున్నదట! ఒక్క చినుకైన లేదు గదా!" అనెను. మేమును అతనిని సమర్థించి, "నాయనా, ఎండ కాయుచున్నది. ఇంతదూరము వచ్చి యెందుకు మరలవలెను?" అని వాదించితిమి. సిగ్గుతో వ్రాయుచున్నాము: మేము వాదించినది ధైర్యముచేత గాదు, ఐదుగురికి చెల్లించిన రుసుము వ్యర్థమగునను చింతచేత.

ఆ యువకుడు కోపింపలేదు. "అయ్యా, మీరు మీ తలపైనున్న ఆకాశమును చూచుచున్నారు. నేను వాగుతలపైనున్న ఆకాశమును చూచుచున్నాను" అనెను. ఆ మాటకు మాయొద్ద జవాబు లేకపోయెను. మా బావమఱది "బావగారూ, అతని మాట విందము" అని మూటలు సర్దెను. ప్రక్కనున్న కాలిబాటను పట్టుకొని, చెట్లవేళ్లను పట్టుకొనుచు, చెమటలు గ్రమ్ముచుండగా గట్టుపైకి ఎక్కితిమి. మా కుమారుడు ఒక్కమాటయు పలుకలేదు.

గట్టుపైన చెట్టునీడ కూర్చుండి ఇంచుమించు అరగంట గడచెను. మామీద ఎండయే. మొదట మారినది నీటి రంగు గాదు, శబ్దము. అంతవరకు గలగలలాడుచున్న వాగు లోగొంతుకతో ఉరుమసాగెను. తరువాత తెల్లని జలపాతము టీనీళ్ల రంగునకు తిరిగెను. కొమ్మలును ఆకులును కొట్టుకొని వచ్చినవి. మా కుమార్తె అరటిపండ్లు పరచిన రాయి యెక్కడనో మేము గుర్తుపట్టలేకపోయితిమి. ఆ మడుగు, ఆ రాయి, మేము నడచిన యిసుక, అన్నియు ఒకటే గోధుమవన్నె ప్రవాహమై పోయినవి. మాపై నొక్క చినుకైన పడలేదు.

మా యింటివారు పిల్లలనిద్దరను దగ్గరకు తీసికొని చాలసేపు మాటలాడలేదు. మా కుమారుడు లేచి పోయి ఆ యువకుని చెంత కూర్చుండి, గులకరాతిని గూర్చి యడిగెను.

ఇందలి కారణము

విద్యార్థులారా, ఇచ్చట భూగోళపటమును తెరచి చూడుడు. మారిషసుపై సంవత్సరములో నెక్కువకాలము ఆగ్నేయవ్యాపారపవనములు వీచును. అవి సముద్రమునుండి తెచ్చిన తేమ ద్వీపమధ్యమునందలి పీఠభూమిని ఎక్కునప్పుడు చల్లబడి వర్షించును. పీఠభూమిని దాటి పడమటికి దిగునప్పటికి ఆ గాలి పొడిబారును. కావున నడిపీఠభూమిపై కురియు వర్షము పడమటి తీరమున కురియు దానికి పలురెట్లు. టమరిన్ నదియొక్క తల వాన యెక్కువగా పడు పీఠభూమిలోను, పాదము పడమటి యెండతీరమునను ఉన్నవి. ఆ నది సముద్రమున కలియు టమరిన్ గ్రామమున పూర్వము ఎండకు సముద్రపునీటిని ఆరగట్టి ఉప్పు పండించిరనిన, అచ్చటి యెండ యెట్టిదో తెలియును. ఒకే నది, ఒకచివర మేఘము, ఒకచివర ఉప్పుమడి. నడుమ గండిలో నిలిచినవానికి ఈ రెండును కనబడవు. గోడలనడుమ ఆకాశపు పేలిక యొకటి మాత్రమే కనబడును. ఇదిగాక జలపాతములకు ఎగువన విద్యుత్తునకై కట్టిన జలాశయమును గలదు. దానిస్థితియు దిగువవాని కంటికి అందదు.

నీటి బలమును గూర్చి యొక లెక్క. ఒక ఘనమీటరు నీరు 1,000 కిలోగ్రాముల బరువు. ప్రవాహవేగము రెండింతలైనచో అది మన కాళ్లను త్రోయు బలము రెండింతలు గాక నాలుగింతలగును, మూడింతలైనచో తొమ్మిదింతలగును. మోకాలిలోతు నీటిలో ఉదయము నవ్వుచు దాటినవాడు, మధ్యాహ్నము అదే లోతులో పడిపోవుట కిదియే కారణము. మైదానమున నీరు ప్రక్కలకు పరచుకొనును. గండిలో పరచుకొనుటకు చోటు లేదు గనుక పైకి లేచును.

రెండవదినము

మూడు దినములు వానలేక గడచిన పిమ్మట అదే యువకుడు మమ్ము మరల తీసికొనిపోయెను. ఈమారు మా కుమారుడు దిగువకు చూచుటకు ముందు ఎగువకు చూచెను. తానే గులకరాయి యేరి నీటియంచున పెట్టెను.

మా పాఠశాల మేడకంటె చాల యెత్తయిన జలపాతపు అంచున మా యింటివారికి భయము పుట్టెను. త్రాటికి బరువు వేసి వెనుకకు వాలుమని యువకుడు చెప్పగా, ఆమె రాతినే హత్తుకొని నిలిచెను, పాదములు జారుచుండెను. అప్పుడు ఆమెకు నల్లగొండ ప్రాంతపు తమ యూరి గీతపనివారు జ్ఞాపకమునకు వచ్చిరి. తాటిచెట్టు నెక్కువాడు చెట్టును కౌగిలించుకొనడు. నడుమున మోకు వేసికొని, దానిపై భారముంచి వెనుకకు వాలును. వాలినకొలది అతని పాదములు మ్రానును గట్టిగా ఒత్తును, ఒత్తినకొలది జారవు. ఈ సంగతి తలచుకొని ఆమె కండ్లు మూసికొని వెనుకకు వాలెను. పాదములు రాతికి నిలిచినవి. క్రిందికి చేరినపిమ్మట "మా యూరివారు నిత్యము చేయుచున్న పనికి మనమింత దూరము వచ్చి రుసుము చెల్లించితిమి" అని ఆమె నవ్వినది. ఆ నవ్వునకు మేము తగిన జవాబు చెప్పలేదు.

తరువాతి మడుగులో పిల్లలు దూకవలసియుండెను. ఆ మడుగులో ఆ యువకుడు ఎన్నియో మారులు దూకినవాడే. అయినను మొదట త్రాటివెంట దిగి, మునిగి, కాళ్లతో అడుగు తడవి చూచెను. మొన్నటి వెల్లువ ఎక్కడిదో యొక పెద్దరాతిని దొర్లించుకొనివచ్చి సరిగా దూకుచోటున నిలిపియుండెను. పైకి నీరు ఎప్పటివలెనే పచ్చగా, ప్రశాంతముగా నుండెను. పిల్లలను త్రాటివెంటనే దింపెను. నురుగుతో తెల్లనైన నీటిలోనికిని దూకరాదని అతడు చెప్పెను. అందులో గాలి యెక్కువ గనుక అది దేహమును తేల్చుట తక్కువ. సాయంకాలమునకు అలసి, ఆకలిగొని, మోకాళ్లు దోకుకొని, సంతోషముతో ఇల్లు చేరితిమి.

మరచిపోరాని మూడు దినములు

మేము తప్పించుకొన్న ఆపద అరుదైనదని యెంచరాదు. 1999వ సంవత్సరము జూలై 27న స్విట్జర్లాండు దేశమున ఇంటర్లాకెన్ చెంతనున్న సాక్సెటెన్ వాగుగండిలో దిగుచున్నవారిపై, ఎగువ కొండలలో కురిసిన గాలివాన వెల్లువయై వచ్చిపడగా 21 మంది మరణించిరి. వారిలో ముగ్గురు మార్గదర్శకులు.

2013వ సంవత్సరము మార్చి 30న మారిషసు రాజధానియగు పోర్టులూయీ నగరమున రెండు గంటలలోపల సుమారు 150 మిల్లీమీటర్ల వాన కురియగా, చుట్టునున్న కొండలనుండి దిగిన నీరు వీధులను ముంచెను. 11 మంది ప్రాణములు గోల్పోయిరి. గండి కొండలలోనే యుండునని తలచరాదు. గోడలనడుమ నున్న పల్లపువీధియు గండియే.

మూడవది మన యిండ్లకు చేరువైనది. 2014వ సంవత్సరము జూన్ 8న హిమాచలప్రదేశమున మండి జిల్లాలో, విహారయాత్రకు పోయిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు బియాస్ నదిలోని రాళ్లపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుచుండిరి. ఎగువనున్న లార్జి జలాశయమునుండి విడిచిన నీరు వారిపైకి వచ్చెను. 24 మంది విద్యార్థులు కొట్టుకొనిపోయి మరణించిరి. ఆ బిడ్డలు తుంటరులు గారు. అజాగ్రత్తపరులని యెవరును నిందింపరాదు. రాళ్లు పొడిగా నుండెను, నీరు దూరమున నుండెను. మేము ఆ గండిలో చూచినట్లే, వారును తమ తలపైనున్న ఆకాశమునే చూచిరి. మాకు చెప్పువాడొకడుండెను, అంతే భేదము.

నేర్వవలసినది

వాగులోనికిగాని నదిలోనికిగాని దిగుటకు ముందు దాని తల యెక్కడనో, అచ్చట వాన యున్నదో లేదో, ఎగువన ఆనకట్ట యున్నదో లేదో ఆ ప్రాంతపువారిని అడుగవలెను. నీటియంచున గులకరాతిని గురుతుగా పెట్టి కనిపెట్టుచుండవలెను. నీటి రంగు మారినను, ఆకులును పుల్లలును కొట్టుకొనివచ్చినను, శబ్దము హెచ్చినను, సామానులకై ఆగక గట్టెక్కవలెను; నీటివెంట దిగువకు పరుగెత్తక ప్రక్కకు పైకి పోవలెను. నిన్న దూకిన మడుగును నేడు మరల పరీక్షింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, తెలిసినవాడు "మరలుదము" అన్నప్పుడు, చెల్లించిన రుసుమును లెక్కింపరాదు.

తలిదండ్రులకు ఒక విన్నపము. పిల్లలను వాగులకు పోవలదని శాసించినంతమాత్రమున చాలదు, వారు పోవకమానరు. వాగును చదువుట నేర్పుడు. సాహసము మంచిదే. కాని మరలివచ్చుటయు సాహసములోని భాగమేయని, ఆ గట్టుపైన చెట్టునీడను కూర్చుండి, మేము మా నలువదియైదవ యేట నేర్చుకొంటిమి. మా కుమారుడు పదునారవ యేటనే నేర్చుకొనెను.

అభ్యాసము

1. మీ యూరి వాగు లేక చెఱువులోనికి వచ్చు కాలువ యెక్కడ పుట్టుచున్నది? దానివెంట పెద్దలతో నడచి, ఒక పటము గీయుడు.

2. మీ యూర వానలేని దినమున ఆ వాగు పొంగినట్లు చూచినవా రెవరైన గలరా? మీ తాతగారిని, నాయనమ్మగారిని అడిగి వ్రాయుడు.

3. ప్రవాహవేగము నాలుగింతలైనచో త్రోయు బలము ఎన్ని యింతలగును?